పడిపోయిన పండ్ల రొట్టె

11 నవంబరు, సోమవారం

నా బిడ్డ తినడానికి అడిగింది! ఇరవై రోజుల తర్వాత, తనంతట తాను, ఫలానాది కావాలని నోరు తెరిచి అడిగింది. అందుకే ఈ డైరీ తీశాను. నిరుడు బ్యాంకువాళ్లు ఇచ్చింది, ఒక్క పేజీ కూడా రాయలేదు. ఇంత సంతోషం లోపల పెట్టుకుని తిరగడం నా వల్ల కాదు. ఎవరికైనా చెబుదామంటే దిష్టి భయం. ఇక్కడైతే ఎవరూ చదవరు.

నా బిడ్డ భూమికకు కడుపు, మూడో నెల. ఆదిలాబాద్‌లో అల్లుడి దగ్గర ఉండేది. ఈసారి ముందే కరీంనగర్ తీసుకొచ్చి మా దగ్గర పెట్టుకున్నాం, డాక్టరమ్మ దగ్గర్లో ఉంటుందని. నీళ్లు తాగినా కక్కుతుంది. పోపు వాసన వస్తే ముందుగదిలోంచి బయటికి పరుగు. పొద్దున మూడు మేరీ బిస్కెట్లు, అవీ నిలిస్తే నిలిచినట్టు, లేకుంటే లేదు. మొన్న శనివారం తూకం నలభై నాలుగు కిలోలు. పెళ్లినాడు యాభై ఆరు ఉండేది.

తినలేని మనిషి రోజంతా ఫోన్‌లో వంటలే చూస్తుంది, అదేం విచిత్రమో. ఈ రోజు కూడా చూస్తూ చూస్తూ ఉన్నట్టుండి పిలిచింది.

"బాపూ, గిది జూడు. గిది తినబుద్ధయితుంది."

చూశాను. ఎవరో తెల్లావిడ జారుగా పిండి కలిపి, ఆపిల్ ముక్కల మీద పోసి, ఓవెన్ అనే కరెంటు పెట్టెలో పెట్టింది. అద్దంలోంచి చూపించారు. ఎంత పొంగిందని! పూరీ కాదు, పూరీకి తాత. పాన్‌కేకు అంటారట.

"మన అట్టు లెక్కనే బాపూ. కాకుంటే తిప్పుడు లేదు, నూనె పొగ లేదు. లోపల పెట్టి మరిచిపోవుడే."

అంతలో అల్లుడి ఫోన్ వచ్చింది, వీడియో అక్కడే ఆగిపోయింది. ఫర్వాలేదు, చూడాల్సింది చూశాను. కొలతలు తర్వాత బిడ్డే చెప్పింది, కాగితం మీద రాసుకున్నాను.

"రేపే చేస్త బిడ్డా!" అన్నాను. వంటింట్లోంచి నా భార్య సమ్మవ్వ ఊరుకుంటుందా.

"చాయ్ పెట్టరాదు, రొట్టె చేస్తడట. కార్తీకం ఎల్లేదాక నేను గుడ్డు ముట్ట, నా పొయ్యి కాడికి గుడ్డు రానియ్య. గంత సంబరముంటే వెనక వరండల చేసుకో."

చేసుకుంటాను! ముప్పై నాలుగేళ్లు భూమి కింద బొగ్గు బాయిలో టింబర్ పని చేసినవాణ్ణి. పైకప్పు దిగకుండా కింద దుంగలు నిలబెట్టడం నా పని. కర్రతో కప్పును తట్టి, మోత విని, గట్టిదో డొల్లదో చెప్పేవాణ్ణి. ఒక అట్టు పొయ్యలేనా?

షిఫ్టు దిగే ముందు మా మీద పెద్దగా ఉండే సర్దార్ రిపోర్టు బుక్కులో రోజూ ఒకటే రాసేవాడు. తర్వాతి షిఫ్టువాళ్లు అది చదివి, ధైర్యంగా లోపలికి దిగేవాళ్లు. నేనూ అట్లాగే రాస్తాను.

పైకప్పు బాగుంది. అందరూ క్షేమం.

12 నవంబరు, మంగళవారం

ఐదింటికే లేచాను. మొదటి షిఫ్టు అలవాటు ఇంకా పోలేదు.

సజ్జ మీది నుంచి మా కరెంటు పెట్టె దింపాను. రిటైరైన రోజు మా ముఠావాళ్లు చందా వేసుకుని కొనిచ్చిన పెట్టె. వాళ్లలో ఏం కొనాలో తేల్చింది భూమన్న. ఆరేళ్లుగా సమ్మవ్వ అందులో పాత స్వెట్టర్లు దాచింది. అవి తీసి, తడిగుడ్డతో తుడిచి, వరండాలో బల్ల మీద పెట్టి ప్లగ్గు పెట్టాను. లోపలి కడ్డీలు ఎర్రగా కాలాయి! ఆ చలిలో ముఖానికి వెచ్చగా తగిలింది. భూమన్నది మా గోడ పక్క ఇల్లే. గోడ మీదుగా తల పెట్టాడు.

"ఆరేండ్లకు తెరిచినవా బావా! నేను గప్పుడే అన్న, గది పనికొస్తదని."

"నువ్వు గప్పుడేమన్నవో నాకెర్కే. బట్టలు ఎండవెట్టే మిషన్ అన్నవ్."

మూడు గుడ్లు, అరగ్లాసు పాలు, అరగ్లాసు మైదా, రెండు చెంచాల చక్కెర, చిటికెడు ఉప్పు. గడ్డలు లేకుండా గిలక్కొట్టాలి. పెట్టెను ముందే బాగా కాలనిచ్చి, దాంతో వచ్చిన నల్ల పళ్లెంలో వెన్న వేసి, అది చిటచిటలాడాక ఆపిల్ ముక్కలు పరిచి, మీద పిండి పోసి తలుపు మూయాలి. ఇరవై నిమిషాలు. మధ్యలో తెరవకూడదు. అంతే! ఇడ్లీకి రుబ్బాలి, దోసెకు పులియాలి, దీనికి ఏ తిప్పలూ లేవు. ఇంత సులువైన పొద్దుటి పలహారం ఉంటుందని డెబ్బై ఏళ్లకు దగ్గరపడ్డాక తెలిసింది.

స్టూలు వేసుకుని అద్దం ముందు కూర్చున్నాను. పన్నెండో నిమిషానికి అంచులు లేచాయి. పదిహేనుకు నడుమ లేచింది. ఇరవైకి బంగారు రంగులో గుమ్మటం నిలబడింది. గుమ్మటం! నేను కట్టింది! సమ్మవ్వను పిలిస్తే గడప దాటలేదు కానీ, అక్కడి నుంచే చూసి "అబ్బో" అంది. పెళ్లయిన నలభై ఏళ్లలో నా పని చూసి అబ్బో అనడం ఇది రెండోసారి.

పళ్లెం తీసి బల్ల మీద పెట్టి, బిడ్డను పిలుద్దామని అటు తిరిగాను. వెనక సన్నగా ఊపిరి వదిలినట్టు చప్పుడు. తిరిగి చూసేసరికి కూలిపోయింది. అంచులు నిలబడే ఉన్నాయి. నడుమ మొత్తం గుంత.

బాయిలో మల్లన్న సంగతి ఇక్కడ రాయను.

ముందుగదిలోంచి బిడ్డ గొంతు. "వాసన మంచిగొస్తుంది బాపూ! అయిందా?"

"లే బిడ్డా, పాలు విరిగినయ్. రేపు చేస్త."

ఇది అబద్ధం కిందికి రాదు. సరిగ్గా రానిదాన్ని రాలేదని చెప్పడం అబద్ధం ఎట్లా అవుతుంది?

రొట్టెను గోడ మీదుగా భూమన్నకు ఇచ్చాను. భూమన్నకు ఏ మాసమైనా ఒకటే.

పైకప్పు బాగుంది. అందరూ క్షేమం.

13 నవంబరు, బుధవారం

మళ్లీ కూలింది. భూమన్నకు ఇచ్చాను. కరెంటు పోయిందని బిడ్డకు చెప్పాను. ఆమె తల మీద ఫ్యాను తిరుగుతోంది. ఆమె పైకి ఒకసారి చూసి అటు తిరిగి పడుకుంది.

14 నవంబరు, గురువారం

ఆటోలో బస్టాండు దగ్గరి బేకరీకి పోయాను. అక్కడ పనిచేసే అరుణ్‌కుమార్ మంచివాడే, మర్యాదగా మాట్లాడాడు. గుడ్లు, పాలు, మైదా అని మొత్తం చెప్పి, కూలకుండా ఏం చెయ్యాలని అడిగాను.

"గుడ్లతోని పొంగింది పడక ఏంజేస్తది తాతా? గట్లనే తింటరు. నిలువాల్నంటే కేకు ఉన్నది, తీస్కపోరాదు."

అదీ సంగతి. తన కేకులు అమ్ముకోవాలని చూస్తున్నాడు. నేను మరి అంత అమాయకుణ్ణా?

"సోడా వేస్తే నిలుస్తదా?" అన్నాను.

"ఏసి చూడు తాతా," అని భుజాలు ఎగరేశాడు.

ఇంటికొచ్చి ఒక చెంచా వేశాను. ఇంకాస్త ఎత్తుకు లేచి ఇంకాస్త లోతుకు కూలింది. మధ్యాహ్నం గోడ మీద ఖాళీ పళ్లెం పెడుతూ భూమన్న సణిగాడు.

"ఇయ్యాల జర చేదున్నది బావా. నిన్నటిదే మంచిగుండె."

"ఫుకట్‌ల వచ్చినదానికి వంకలు గూడనా?"

"వంక కాదు బావా. రేపు సోడ వెయ్యకు, గంతే."

బిడ్డకు ఈ రోజు గుడ్లు మురిగిపోయాయని చెప్పాను. రెండు బిస్కెట్లు తిన్నది. నిలవలేదు.

పైకప్పు బాగుంది. అందరూ క్షేమం.

15 నవంబరు, శుక్రవారం. పున్నమి.

ఈ రోజు వరండాలో కూడా గుడ్డు పగలకూడదని సమ్మవ్వ ఆజ్ఞ. పొద్దున్నుంచి ఒక్కపొద్దు. సాయంత్రం మూడు వందల అరవై ఐదు వత్తులు నేతిలో తడిపి వెలిగించింది. బిడ్డ ఆ నెయ్యి వాసనకు ముక్కు మూసుకుని, దూరం నుంచే దండం పెట్టింది.

పని లేని రోజు ఆలోచన ఎక్కువ. బిడ్డ మొదటి కడుపు నాలుగేళ్ల కింద, పదో వారంలో పోయింది. రెండోది నిరుడు, పన్నెండో వారంలో. ఇప్పుడు పదో వారం నడుస్తోంది. నాకు భయం లేదు. ఈసారి బిడ్డ ముఖంలో కళ వేరే ఉంది. నాకు ఏమీ భయం లేదు.

మల్లన్న సంగతి రాయనన్నాను. రాసేస్తాను, ఎవరు చదువుతారు. ఇరవై ఆరేళ్ల కింద. కప్పు తట్టి చూస్తే డొల్ల మోత వచ్చింది. తినడానికి కూర్చున్నవాళ్లందరినీ లేపి బయటికి తోలాను. మల్లన్న టిఫిన్ గిన్నె మరిచిపోయానని వెనక్కి పోయాడు. ఆగు ఆగు అన్నాను. కప్పు అతని మీద దిగేముందు పెద్ద చప్పుడేమీ రాలేదు. ఎవరో సన్నగా ఊపిరి వదిలినట్టు, అంతే.

పళ్లెంలోంచి వచ్చేది అదే చప్పుడు.

కూలినదాన్ని కడుపుతో ఉన్న పిల్ల నోటికి అందియ్యమంటే నా చెయ్యి రాదు. అందులోనూ రెండుసార్లు పోగొట్టుకున్న పిల్ల. ఇది పిచ్చి అని నాకు తెలుసు. అయినా చెయ్యి రాదు. నిలబడేది చేసి పెడతాను.

16 నవంబరు, శనివారం

డాక్టరమ్మ మధులిక దగ్గరికి పోయాం. తూకం నలభై మూడు కిలోల మూడు వందలు. వారంలో ఏడు వందల గ్రాములు పోయాయి.

"చూడు పెద్దాయనా, వచ్చే శనివారానికి నలభై మూడు కంటే కిందికి దిగితే అడ్మిట్ చేసుడే. గ్లూకోజ్ ఎక్కియ్యాలె. మందులు నేనిస్త, తిండి మీరే పెట్టాలె. ఏది నిలిస్తే అది పెట్టుండ్రి, గింతే పెట్టుండ్రి, కానీ పెట్టుండ్రి," అంది.

ఆటో మా గల్లీ మలుపు తిరిగాక బిడ్డ అంది.

"బాపూ, నేను గా వార్డుల పండ. రెండుసార్లు గా మంచం మీదనే పండిన. రెండుసార్లు ఉత్త చేతులతోనే ఇంటికొచ్చిన."

"గంత దూరం రాదు బిడ్డా. నేనున్న గదా," అన్నాను.

నేనుండి ఏం చేశాను? మంగళవారం నుంచి భూమన్నను మేపుతున్నాను.

సాయంత్రం అల్లుడు విజయేందర్ ఆదిలాబాద్ నుంచి వచ్చాడు. అక్కడ కరెంటు ఆఫీసులో పని, శనివారం వచ్చి ఆదివారం పోతాడు. సంచి నిండా సంత్రాలు తెచ్చాడు, నాగపూర్ వైపు నుంచి వచ్చినవి. వాసన ఎంత బాగుందో! బిడ్డ ఒక తొక్క తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకుని పడుకుంది.

17 నవంబరు, ఆదివారం

సంత్రా తొనలు వేశాను. నీరు ఊరి, లేవనే లేదు. అడుగున పిండి, మీద నీళ్లు. ఇది మాత్రం నిజంగానే పనికిరాదు. రెండోసారి ఆపిల్‌తో వేస్తే మామూలే, లేచి కూలింది. విజయేందర్ పక్కనే నిలబడి ఉన్నాడు, చెంచాతో అంచు తెంపి నోట్లో వేసుకున్నాడు.

"మామా, మంచిగనే ఉన్నది గదా. భూమికకు పెడదాం."

"నువ్వు నా మొహం జూసి అంటున్నవ్. ఉండు, నిలవడేది చేస్తున్న. అప్పటిదాక బిడ్డకు చెప్పకు."

"నిలవడుడేంది మామా, ఇల్లు కడుతున్నవా?"

చెప్పొద్దని చేతిలో చెయ్యి వేయించుకున్నాను. నాలుగింటి బస్సుకు పోయాడు. పోయేటప్పుడు బిడ్డ కాళ్ల దగ్గర కూర్చుని పాదాలు ఒత్తుతుంటే చూశాను. ఆమె మడమలు చిన్నప్పటిలాగా సన్నగా అయ్యాయి.

18 నవంబరు, సోమవారం

పైకప్పు బాగుంది.

19 నవంబరు, మంగళవారం

ఈ రోజు మొత్తం రాయాలి. ఒక్క ముక్క వదలకూడదు.

నిన్నంతా ఆలోచించి ఒక ఉపాయం పట్టాను. కప్పు నిలవకపోతే టింబర్‌వాడు ఏం చేస్తాడు? దుంగలు పెడతాడు. ఇన్ని రోజులు నాకు తోచలేదే! సమ్మవ్వ మసాలా డబ్బాలోంచి నాలుగు పొడుగాటి దాల్చిన చెక్కలు తీశాను. ఒక్కోదాని కింద మందపాటి ఆపిల్ ముక్క పీటలా, మీద ఇంకో ముక్క టోపీలా. బాయిలో ఇట్లాగే పెట్టేవాళ్లం, దుంగ మీద టోపీ చెక్క పెట్టి, బిగుసుకునేదాకా సుత్తితో కొట్టి. ఇక్కడ బొటనవేలితో నొక్కాను. నాలుగు దుంగలు నాలుగు మూలల నిలబెట్టి, పిండి పోసి, తలుపు మూశాను.

గుమ్మటం లేచింది. ఆ నాలుగు దుంగలనూ కప్పుకుని లేచింది. బయటికి తీసి, అటు తిరగకుండా దాని ముందే నిలబడ్డాను.

ఊపిరి వదిలింది.

కప్పు మొత్తం దిగిపోయి, నాలుగు దాల్చిన చెక్కలు తలల మీద ఆపిల్ టోపీలతో అట్లాగే నిలబడ్డాయి. దుంగలు ఉన్నాయి, కప్పు లేదు. నేను స్టూలు మీద కూలబడ్డాను.

"గిదేంది బాపూ? పందిరేస్తున్నవా?"

గడపలో భూమిక! స్వెట్టర్ వేసుకుని, తలకు తువ్వాలు చుట్టుకుని నిలబడింది. పొయ్యి ఉన్న దిక్కుకు రాక నెల దాటిన పిల్ల, వాసన పట్టుకుని వరండా దాకా తనే నడిచి వచ్చింది. పళ్లెం దాచుదామంటే కాలుతోంది, గుడ్డ చేతికి దొరకదు.

"ఏంలే బిడ్డా. సరిగ్గ రాలే. నువ్వు లోపలికి పో, చలి..."

"గా కట్టెలేంది?"

"దుంగలు."

"దుంగలా?"

"కప్పు కూలకుంట."

ఆమె నన్ను చూసింది, పళ్లేన్ని చూసింది, మళ్లీ నన్ను చూసింది. నవ్వింది! తలుపు పట్టుకుని, కడుపు పట్టుకుని, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. ఎన్ని నెలలయింది ఆ నవ్వు విని! నవ్వుతూనే వచ్చి, నేను వద్దు వద్దు అంటుండగానే, అంచు ఒకటి విరిచి నోట్లో వేసుకుంది.

"వద్దు బిడ్డా, అది కూలింది, నీకు వద్దు!" అని చెయ్యి పట్టుకున్నాను. అప్పటికే నమిలేసింది.

"కూలుడేంది బాపూ? నువ్వు వీడియో మొత్తం జూసినవా?"

"పొంగేదాక చూసిన. గంతలో అల్లుని ఫోనొచ్చె."

స్వెట్టర్ జేబులోంచి ఫోన్ తీసి పెట్టి చూపించింది. ఆ తెల్లావిడ పళ్లెం బయటికి తీసింది. గుమ్మటం ఊపిరి వదిలి దిగిపోయింది. నేను ఆవిడ ముఖమే చూస్తున్నాను. ఆవిడ నవ్వుతోంది! ఏమీ కానట్టు ఆ గుంతలో ఇన్ని పండ్ల ముక్కలు పోసి, మీద చక్కెర పొడి చల్లి, కోసి పెట్టుకుని తిన్నది.

"అది పడాల్నే బాపూ. పడకుంటే పండ్లు ఏడ పోస్తం?"

ముప్పై నాలుగేళ్లు కప్పు పడకుండా చూసినవాణ్ణి. పడాల్సిన కప్పు కూడా ఒకటి ఉంటుందని ఎవరు చెప్పారు నాకు? బేకరీ పిల్లాడు చెప్పాడు. అల్లుడు చెప్పాడు. నేను వినలేదు.

"మరి గీ వారం రోజులు చేసినయి?" అని అడిగింది.

సరిగ్గా అప్పుడే గోడ మీద భూమన్న తల లేచింది. "బావా, ఇయ్యాలటిది ఇంక రాలేదేంది?"

బిడ్డకు అంతా అర్థమైంది. నడుము మీద చెయ్యి పెట్టుకుంది.

"భూమన్న కాకా! నా కడుపుల పిల్ల తినేది మొత్తం నువ్వే తిన్నవా?"

"నాకేమెరుక బిడ్డా, మీ బాపు బుదగరిచ్చి, బతిలాడి ఇచ్చిండు. గదే అనుకుంటున్న, మూడు నెలల కడుపు నాకెందుకొచ్చిందా అని!"

బిడ్డ స్టూలు మీద కూర్చుని పావు వంతు తిన్నది. దాల్చిన చెక్కల పక్కనుంచి తవ్వుకుని తిన్నది, ఆ రుచి బాగుందట. నేను గడియారం పట్టుకుని ఎదురుగా కూర్చున్నాను. ఎనిమిదిన్నర. నిలిచింది. తొమ్మిది. నిలిచింది. పది. నిలిచింది! సమ్మవ్వ తులసికోట దగ్గర ఇంకో దీపం వెలిగించి వచ్చింది. నాకు గల్లీ అంతా తిరిగి చెప్పాలనిపించింది. దిష్టి అని ఆగాను. ఎవరికీ చెప్పలేదు, ఒక్క పాలవాడికి తప్ప. కూరగాయల బండి అతనికి కూడా చెప్పాను.

రిపోర్టు రాయడం మరిచిపోయాను. ఏమని రాయాలో కూడా తెలియడం లేదు.

20 నవంబరు, బుధవారం

మళ్లీ చేశాను. కూలగానే కళ్లు మూసుకున్నాను, అంతవరకు చేతనైంది. బిడ్డే పండ్లు పోసుకుంది. సగం తిన్నది.

తింటూ అడిగింది. "రోజూ పాలు విరుగుతయా బాపూ? ఫ్యాను తిరుగుతుంటే కరెంటు పోతదా? నాకెర్కే నువ్వు అబద్ధమాడుతున్నవని. నువ్వే తింటున్నవేమో అనుకున్న, ముసలోనికి ఆశ పుట్టింది, తిననియ్ తీ అనుకున్న."

"కూలింది నీకెట్ల పెడుత బిడ్డా," అన్నాను.

చెంచా ఆపి నన్నే చూసింది. మల్లన్న సంగతి ఆమెకు చిన్నప్పటి నుంచి తెలుసు. వార్డు సంగతి చెప్పక్కర్లేదు. ఒక ఆపిల్ ముక్క తీసి నా నోట్లో పెట్టింది.

తొమ్మిది రోజుల నుంచి చేస్తున్నాను, ఒక్క ముక్క రుచి చూడలేదు నేను. బాగుంది! చాలా బాగుంది! ఇంత బాగున్నదాన్ని ఆ భూమన్నకు పోశాను.

21 నవంబరు, గురువారం

అరటిపండు వేశాను. సగం తిన్నది. నిలిచింది.

22 నవంబరు, శుక్రవారం

జామ వేస్తే గింజలు పంటి కింద పడ్డాయని నొసలు చిట్లించింది. అయినా తిన్నది. బొప్పాయి సంచిలో కనబడిందని సమ్మవ్వ నన్ను వాకిట్లోనే ఆపి తిట్టింది. అది నా కోసం తెచ్చుకున్నానని ఎంత చెప్పినా వినలేదు, తీసుకుపోయి భూమన్నకు ఇచ్చేసింది. అతని జాతకమే అది.

రేపు తూకం.

23 నవంబరు, శనివారం

నలభై మూడు కిలోల తొమ్మిది వందలు!

ఆరు వందల గ్రాములు పెరిగింది. నేను డాక్టరమ్మను మళ్లీ తూచమన్నాను. ఆమె నవ్వి, చెప్పులు విప్పించి మళ్లీ తూచింది. అదే.

"ఏం పెడుతున్నరు?" అని అడిగింది.

"పండ్ల రొట్టె మేడం," అని మొదలుపెట్టి మూడు గుడ్లు, అరగ్లాసు పాలు అని మొత్తం చెప్పాను. వెనక వరసలో ఉన్న వాళ్లు గొణుగుతున్నా ఆపలేదు. పళ్లెం ముందే కాలాలని కూడా చెప్పాను.

"గుడ్డు నడుమల పచ్చిగ లేకుంట చూసుకో పెద్దాయనా. గిట్లనే నడవనియ్యి. అడ్మిషన్ అవసరం లేదు."

అవసరం లేదు! ఆటోలో బిడ్డ నా భుజం మీద తల పెట్టుకుని నిద్రపోయింది. గల్లీ మలుపు వచ్చాక కూడా లేపలేదు, ఆటో అతనికి చెప్పి ఊరికే ఇంకో చుట్టు తిప్పించాను.

సాయంత్రం విజయేందర్ వచ్చాడు. "నేను చెప్పలేదా మామా, మంచిగున్నదని," అన్నాడు. చెప్పావు నాయనా. నువ్వు చెప్పావు.

30 నవంబరు, శనివారం

నలభై నాలుగు కిలోల ఐదు వందలు. స్కానింగ్ తీశారు. అల్లుడు బిడ్డతో లోపలికి పోయాడు, నేను బయట బల్ల మీద కూర్చున్నాను. తలుపు వైపు చూడలేక గోడను వేలి కణుపులతో తట్టాను. గట్టి మోత వచ్చింది. పక్కనున్న ఆమె నన్ను అదోలా చూసింది.

తలుపు తెరుచుకుంది. ఇద్దరూ నవ్వుతూ వచ్చారు. కడుపులో పిల్ల గుండె మంచిగా కొట్టుకుంటోందట. పన్నెండో వారం దాటింది.

నాకు భయం లేదని పదిహేనో తారీఖున రాశాను. అది అబద్ధం. ఈ ఒక్కటి కొట్టేస్తున్నాను.

2 డిసెంబరు, సోమవారం

నిన్నటితో కార్తీకం అయిపోయింది. తెల్లవారకముందే సమ్మవ్వ అరటి దొప్పలో దీపాలు వదిలి వచ్చి, మొదటిసారి వరండా గడప దాటి నా స్టూలు పక్కన పీట వేసుకుని కూర్చుంది. భూమిక ఆమె పక్కన. గోడ అవతల భూమన్న తన సొంత పళ్లెం పట్టుకుని ముందే నిలబడ్డాడు. అతని కోసం ఇంకో రెండు గుడ్లు ఎక్కువ కొట్టాను, ఇన్ని రోజులు నా తప్పు మోసినవాడు.

గుమ్మటం లేచింది. తీసి బల్ల మీద పెట్టాను. ఈ రోజు కళ్లు మూసుకోలేదు, అటు తిరగలేదు. నిలబడి చూశాను.

"అయ్యో, పడిపోతుంది గదయ్యా!" అని సమ్మవ్వ లేచి రెండు చేతులూ అడ్డం పెట్టింది.

"పడనియ్యే," అన్నాను. "నువ్వు పండ్లు పట్టుకరా."

ఆపిల్, అరటి, విజయేందర్ తెచ్చిన సంత్రా తొనలు, అన్నీ గుంత నిండా పోశాం. సమ్మవ్వ ఒక ముక్క తిని, వెంటనే ఇంకో ముక్క పెట్టుకుంది. బిడ్డ సగం తిని ఇంకొంచెం అడిగింది.

పైకప్పు పడింది. అందరూ క్షేమం.